తొందరపడే చెయ్యి

చలికాలం వచ్చిందంటే నాకు ముందు మృదంగం గురించి భయం పట్టుకుంటుంది. మనుషుల సంగతి ఆ తర్వాతే. చికాగో పక్కన మా నేపర్‌విల్‌లో నవంబరు నుంచి ఇంట్లో హీటర్ తిరుగుతూనే ఉంటుంది. గాలిలో తడి అన్నది ఉండదు. మన పెదాలు పగిలినట్టే తోలు కూడా పగులుతుందని గుడిలో ఎవరో అన్నారు. ఆ రోజు నుంచి మా అమ్మాయి ఇషా గదిలో మృదంగం పక్కన ఒక హ్యుమిడిఫయర్, కుర్చీ వీపు మీద ఒక తడి టవల్ పెట్టడం మొదలుపెట్టాను. మా ఆయన భాస్కర్ ఆఫీస్ నుంచి రాగానే ఆ గదిలోకి తొంగి చూసి, "ఐసీయూలో పేషెంట్ ఎలా ఉన్నాడు?" అని అడుగుతారు.

నవ్వితే నవ్వనీ. భయపడటం మొదలుపెడితే నాకు అంతూ పొంతూ ఉండదని నాకూ తెలుసు. ఇక్కడ నెలలో మొదటి మంగళవారం పొద్దున టోర్నడో సైరన్ టెస్ట్ చేస్తారు. అది ఉత్తుత్తిదని ఇన్నేళ్ళుగా తెలుసు. అయినా ఆ కూత వినగానే స్టవ్ ఆపేసి బేస్‌మెంట్ మెట్ల దగ్గర నిలబడతాను. మా ఆయన ఎక్కిన ట్రైన్ లేటైతే పట్టాలు తప్పిందనుకుంటాను. ఇషా స్కూల్ నుంచి ఫోన్ వస్తే ఎత్తే ముందే చెమట పడుతుంది. నేను చదివింది తెనాలిలో టెన్త్. భయపడటానికి ఆ చదువు సరిపోయింది.

ఇషాకి మృదంగం అంటుకున్నది విజయవాడలో. తొమ్మిదేళ్ళప్పుడు సెలవుల్లో మా అక్క ఇంటికి వెళ్తే, పక్క వాటాలో ఆంజనేయప్రసాద్ మాస్టారు పిల్లలకి పాఠం చెప్తున్నారు. ఇది గుమ్మం దగ్గర నిలబడి విని, రోజూ వెళ్ళి కూర్చుని, తిరుగు ప్రయాణం నాటికి వదల్లేనంది. ఆడపిల్లకి మృదంగం ఏమిటని నేను అన్నాను. మాస్టారు నవ్వి, "తోలుకి ఆడా మగా తెలీదమ్మా, వేలికి మాత్రం నొప్పి తెలుస్తుంది" అన్నారు. వేళ్ళ నొప్పి అనగానే నాకు ఇంకో భయం పట్టుకుంది. అయినా ఒప్పుకున్నాను.

ఇక్కడికొచ్చాక శనివారం పొద్దున్నే స్కైప్‌లో పాఠం. మాకు పొద్దున్న, ఆయనకి సాయంత్రం. మొదట్లో ఒక చిక్కొచ్చి పడింది. మాస్టారు తొడ మీద తాళం వేస్తే ఆ దెబ్బ మా ఇంటికి ఆలస్యంగా చేరుతుంది. ఆ దెబ్బకి ఇషా వాయిస్తే, ఆ వాయింపు విజయవాడ చేరేసరికి ఇంకా ఆలస్యం. ఇద్దరూ ఎప్పటికీ కలవరు. "చెరో రైల్లో కూర్చుని చేతులు కలపాలని చూస్తున్నట్టుందమ్మా" అన్నారు మాస్టారు. కొన్నాళ్ళు అవస్థపడి, చివరికి, "మీ ఇంట్లో తాళం వేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు.

"ఎవరూ లేరండి."

"మీరున్నారుగా."

అలా నేను నేర్చుకున్నాను. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. మళ్ళీ దెబ్బ, తిప్పు. దెబ్బ, తిప్పు. అక్కడితో ఒక చుట్టు అయిపోయి మళ్ళీ మొదటి దెబ్బకి వస్తాం. ఆ మొదటి దెబ్బని సమం అంటారు. వాయించేవాళ్ళు ఎంత దూరం తిరిగొచ్చినా సమం మీద దిగాలి. ఇషా ఎదురుగా కుర్చీ వేసుకుని నేను తాళం వేసేదాన్ని, అది నా చెయ్యి చూస్తూ వాయించేది, అక్కడ మాస్టారు రెండూ కలిపి వినేవారు. మా ఇంట్లో మా ఆయనకి రానిదీ నాకు వచ్చిందీ అదొక్కటే. ఇంటికి ఎవరొచ్చినా ఎలాగో ఒకలాగ ఆ మాట చెప్పేదాన్ని.

ఏళ్ళు గడిచాయి. ఇషాకి పదహారు వచ్చాయి. అప్పటిదాకా దాని వాయింపంతా ఉగాదికి పిల్లల ప్రోగ్రాంలో, డాన్సుకీ పులిహోరకీ మధ్య. ఈ ఏడాది, అంటే రెండువేల పన్నెండు మార్చిలో, గుడి వాళ్ళు పెద్ద కచేరీ పెట్టారు. పాడేది లక్ష్మీప్రియ. పగలు బ్యాంకులో ఉద్యోగం, వారాంతాల్లో కచేరీలు. చికాగో చుట్టుపక్కల ఆవిడ పేరు తెలియని తెలుగువాళ్ళు లేరు. ఆవిడకి ఎప్పుడూ వాయించే ఆయన భుజానికి ఆపరేషన్ అయింది. గుడి మ్యూజిక్ కమిటీకి పెద్ద రామమోహనరావు గారు. గుండె డాక్టరుగా చేసి రిటైరయ్యారు. "మన ఊళ్ళో పిల్ల ఉండగా బయటివాళ్ళెందుకు?" అని ఆయన ఇషా పేరు చెప్పారు.

ఆ ఫోన్ రాగానే ఇషా మెట్ల మీద కూర్చుండిపోయింది. "అమ్మా, దిస్ ఈజ్ నాట్ పిల్లల ప్రోగ్రాం. నన్ను మ్యుజీషియన్‌లాగా పిలిచారు" అంది. దాని మొహం అలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. అంత వెలుగు చూస్తే నాకు భయం.

మొదటి రిహార్సల్ డాక్టరు గారి బేస్‌మెంట్‌లో. ట్రెడ్‌మిల్ ఒక మూలకి నెట్టి, కార్పెట్ మీద దుప్పటి పరిచారు. ఇషా మృదంగం ఎడమ వైపుకి తడి రవ్వముద్ద పెట్టి, అరచేత్తో అద్ది సరిచేసుకుంది. ఉప్మారవ్వే, నీళ్ళతో కలిపింది. అది ఉంటేనే ఎడమ వైపు గంభీరంగా పలుకుతుంది, కచేరీ అయ్యాక గీకేస్తారు. నేను ఇషాకి ఎదురుగా, ఎప్పటిలాగే, చెయ్యి కనపడేలా కూర్చున్నాను.

మొదటి పాట బాగానే సాగింది. రెండోది పెద్ద కీర్తన. మూడో చరణం వచ్చేసరికి లక్ష్మీప్రియ మెడ నరాలు బిగుసుకున్నాయి. ఒక మాట మింగేసి పాడింది, ఊపిరి అందలేదు. ఆగిపోయింది.

"ఏంటమ్మా ఇషా, ట్రైన్ వెళ్ళిపోతోందా?" అని నవ్వింది.

"సారీ ఆంటీ."

"ఆంటీ అనకు, అప్పుడే జుట్టు తెల్లబడుతుంది నాకు. మళ్ళీ పాడతాను, పట్టుకో."

రెండోసారీ అంతే. మొదట్లో నిదానం, పోను పోను పరుగు. మూడోసారి ఆవిడ నవ్వలేదు. శ్రుతి పలికే తంబూరా బాక్స్ ఆపేసింది.

"దాపరికం ఎందుకులెండి," అని నా వైపు తిరిగింది. "పిల్ల చేతిలో నాదం ఉంది. అంత మంచి నాదం ఈ వయసులో నేను వినలేదు. కాని కాలం నిలబడటం లేదు. పరుగెత్తే మృదంగంతో గంటలు గంటలు పాడలేనండీ, గొంతు పోతుంది. వచ్చే శనివారం ఇంకోసారి కూర్చుందాం. అప్పటికీ ఇలాగే ఉంటే, ఆష్‌బర్న్‌లో మృదంగం వాయించే కుర్రాడు కౌశిక్ ఉన్నాడు, కచేరీ వారం ఎవరిదో పెళ్ళికి చికాగోలోనే ఉంటాట్ట. అతన్ని అడుగుతాను."

ఇషా తల వంచుకుని ఎడమ వైపు రవ్వముద్ద గీకుతోంది.

తిరిగొచ్చేటప్పుడు కారు నేనే నడుపుతున్నాను. రోడ్డు పక్కన మంచు కరిగీ కరగనట్టు బూడిదరంగులో ఉంది.

"ఎందుకే అంత తొందరపడ్డావు? టెన్షన్ అయిందా?" అన్నాను.

"లెఫ్ట్ తీసుకో అమ్మా. ఎవరూ రావట్లేదు."

"అదిగో ఆ ట్రక్కు."

"అది పార్క్ చేసి ఉంది."

వెనక ఎవరో హారన్ కొట్టారు. నేను మెల్లగా తిప్పాను. ఇషా కిటికీలోంచి బయటికి చూస్తూ, "కార్‌లో ఇంత స్లో. తాళం మాత్రం ఫాస్ట్" అంది.

"ఎవరు?"

"నువ్వు."

నాకు అర్థం కాలేదు. అది నా వైపు తిరగకుండానే చెప్పింది. "నువ్వు ఎప్పుడూ ఫాస్ట్ అవుతావు. తీర్మానం వస్తే ఇంకా ఫాస్ట్. నేను నీతో వస్తాను. మాస్టారు చెప్పారు కదా, తాళం వేసేవాళ్ళని ఎప్పుడూ వదలొద్దు అని."

తీర్మానం అంటే ఒకే ముక్క మూడుసార్లు వాయించి, చివరి దెబ్బ సరిగ్గా సమం మీద దించడం. పాఠంలో అది వస్తోందంటే నా గుండె నోట్లోకి వచ్చేది.

"మరి నాకెప్పుడూ చెప్పలేదేమే?"

"చెప్పాను. చిన్నప్పుడు. నువ్వు ఒకలా వేస్తున్నావు, నేను ఒకలా వాయిస్తున్నాను, కలవలేదు. నువ్వు స్టాప్ చేసి ఏడ్చావు. నా చేతికి ఏదో అయింది అనుకున్నావు. డాక్టర్ అపాయింట్‌మెంట్ బుక్ చేశావు. రిమెంబర్? ఎక్స్‌రే కూడా తీశారు. తర్వాత నుంచి నీతో వచ్చేశాను. అదే ఈజీ."

ఎక్స్‌రే గుర్తుంది. ఎముకకి ఏమీ కాలేదని చెప్పినప్పుడు నేను గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టాను.

ఇంటికొచ్చాక నమ్మలేక మా ఆయన్ని కూర్చోబెట్టాను. ఆయన ఫోన్‌లో టిక్కు టిక్కుమని కొట్టే యాప్ ఒకటి పెట్టారు. "దానితో పాటు తాళం వెయ్యి" అన్నారు. వేశాను. చుట్టు మీద చుట్టు, బాగానే కలిసింది. నేను ఇషా వైపు గెలిచినట్టు చూశాను.

"ఇప్పుడు నువ్వు వాయించు తల్లీ, ఆ తీర్మానమేదో," అన్నారాయన ఇషాతో. "యాప్ సౌండ్ మీకు వినపడదు, నేను ఇయర్‌ఫోన్‌లో వింటాను."

ఇషా వాయించింది. నేను వేశాను. ఆయన చూపుడు వేలు బల్ల మీద ఆడుతోంది, నా చెయ్యి చూస్తున్నారు. మూడో ముక్క మొదలవగానే ఆయన వేలు వెనకబడింది. కాదు, నేనే ముందుకి వెళ్ళిపోయాను. చివరి రెండు దెబ్బలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇషా చివరి దెబ్బ సరిగ్గా నాతోనే పడింది, నీడలాగ.

ఎప్పుడూ నన్ను ఆటపట్టించే మనిషి ఆ రోజు ఏమీ అనలేదు. ఇయర్‌ఫోన్ తీసి వైరు చుట్టుకుంటూ, "టీ పెట్టనా ప్రసూనా?" అన్నారు. అప్పుడు నాకు భయమేసింది.

అప్పుడే నాకు తెలిసింది నేను ఏం చేస్తున్నానో. ఇషా చిన్నప్పుడు పార్కులో జారుడుబల్ల ఎక్కితే, అది ఇంకా పైనుంచి జారకముందే నేను కింద చేతులు చాపుకుని వంగిపోయేదాన్ని. తీర్మానం దగ్గరా అదే. పిల్ల సమం తప్పుతుందేమో, పడిపోతుందేమో అని సమాన్నే ముందుకి లాక్కొచ్చి దాని కాళ్ళ కింద పెట్టేదాన్ని.

మర్నాడు ఆదివారం మాస్టారికి కాల్ చేశాను. ఇషా కూడా పక్కనే కూర్చుంది. అంతా చెప్పాను. స్క్రీన్ మీద మాస్టారు కదల్లేదు. నెట్ ఆగిపోయిందనుకున్నాను.

"మాస్టారూ, వినపడుతోందా?"

"వినపడుతోందమ్మా." కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. "పరుగు నాకు వినిపించేది. ప్రతి వారం వినిపించేది. అంత దూరం నుంచి వచ్చే చప్పుడు మధ్యలో ఆగి, మిగిలిందంతా ఒక్కసారి తోసుకొస్తుంది కదా, అదే అనుకున్నాను. ఎదురుగా కూర్చుని ఉంటే మొదటి రోజే చెయ్యి పట్టుకుని ఆపేవాణ్ణి."

"తప్పు నాదేనండి."

"తప్పొప్పులు కచేరీ అయ్యాక చూసుకుందాం. ఈ వారం ఇషమ్మ వాయించేటప్పుడు మీరు ఆ గదిలోకి వెళ్ళకండి."

"నేను లేకపోతే అది సమం ఎక్కడ పట్టుకుంటుందండీ?"

"దాని లోపల."

"లోపల లేకపోతే?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "ఉందో లేదో ఈ వారంలో తెలుస్తుందమ్మా," అన్నారు. ఇషా లేచి వెళ్ళిపోయింది.

ఆ వారం మా ఇల్లు ఆసుపత్రిలా ఉంది. స్కూల్ నుంచి రాగానే ఇషా తలుపు వేసుకునేది. నేను వంటింట్లో. లోపల్నుంచి టిక్కు టిక్కుమని యాప్ చప్పుడు, దాని మీద మృదంగం. కాసేపు కలిసేది. తర్వాత మృదంగం ముందుకెళ్ళిపోయేది. ఆగేది. ఏదో ఇంగ్లీషు మాట, నా ముందు అననిది, గట్టిగా అనేది. మళ్ళీ మొదలు. ఒకరోజు తలుపు తీసుకుని బయటికొచ్చింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆ కుర్చీ తీసెయ్యి అమ్మా."

"ఏ కుర్చీ?"

"నీది. అది ఎదురుగా ఉంటే నేను అటే చూస్తున్నాను. అక్కడ ఎవరూ లేరు."

కుర్చీ మోసుకెళ్ళి గరాజ్‌లో పెట్టాను, తడి టవల్‌తో సహా. తలుపు మళ్ళీ మూసుకుంది. చపాతీపిండి కలుపుతుంటే నా చెయ్యి దానంతటదే గిన్నె అంచు మీద తాళం వేస్తోంది. తీర్మానం వచ్చింది. నా చెయ్యి సమం మీద పడింది. లోపల మృదంగం ఇంకా రాలేదు. ఒక్క క్షణం తర్వాత వచ్చింది. పిల్ల తప్పిందా, నేను తప్పానా? యాప్ చప్పుడు దాని దెబ్బతోనే ఉంది. తప్పింది నేనే. సంతోషించాల్సిన చోట నాకు ఏడుపొచ్చింది.

శనివారం రెండో రిహార్సల్‌కి నేను లోపలికి వెళ్ళలేదు. డాక్టరు గారి ఇంటి ముందు కార్‌లోనే కూర్చున్నాను. వినిపించకుండా కిటికీలు ఎత్తేశాను. కొంతసేపటికి డాక్టరు గారు స్వెటర్ మీద కోటు వేసుకుని, చేతిలో టీ కప్పుతో వచ్చి అద్దం మీద కొట్టారు.

"కార్‌లో ఇలా కూర్చుంటే పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలుస్తారమ్మా. లోపల మా ఆవిడ పకోడీలు వేస్తోంది."

"వద్దండి. ఎలా వాయిస్తోంది?"

ఆయన పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నారు. "నిలబడుతోంది. పెద్ద కీర్తనలో రెండుచోట్ల తడబడింది. కళ్ళెత్తి ఎవరినో వెతికింది." నా వైపు చూసి, "నేను గుండె డాక్టర్ని. భయపడేవాళ్ళ గుండె ఎలా కొట్టుకుంటుందో నాకు బాగా తెలుసు. అది ఎప్పుడూ ఒక దెబ్బ ముందే ఉంటుంది," అన్నారు.

"దానికి మందు లేదాండీ?"

"ఉంది. మీరు వేసుకోరు," అని నవ్వి, కప్పు నా చేతిలో పెట్టారు.

లక్ష్మీప్రియ తీసుకున్న నిర్ణయం ఇది. చిన్న పాటలకి ఇషాయే వాయిస్తుంది. పెద్ద కీర్తన ముందు ఆవిడ తేల్చుకుంటుంది. బాగుంటే ఇషాయే కొనసాగుతుంది. కౌశిక్ మృదంగం తెచ్చుకుని హాల్లోనే ఉంటాడు, లేకపోతే అతను వేదిక ఎక్కుతాడు. మంచి మనిషే, దాపరికం లేకుండా ఇషాకే చెప్పింది.

కార్‌లో ఇషా నెమ్మదిగా అంది. "అందరి ముందు మధ్యలో లేచి దిగిపోవాల్సి వస్తే, నేను ఇంక వాయించను అమ్మా. ఇంట్లో కూడా."

అలా అనకే అందామనుకున్నాను. దాని గొంతులో కోపం లేదు.

కచేరీ రోజు ఆదివారం మధ్యాహ్నం. గుడి మెట్ల దగ్గర బూట్లు విప్పుతూ, "నేను ఇక్కడే చెప్పుల గదిలో కూర్చుంటాను, నువ్వు వెళ్ళు" అన్నాను. నాకు అదే మంచిదనిపించింది. లోపల ఉంటే చెయ్యి ఆగదు. హాల్లో అందరూ తొడల మీద తాళం వేస్తూనే వింటారు, అది మనవాళ్ళ అలవాటు. వాళ్ళ మధ్య నేను ఒక్కదాన్ని చేతులు కట్టుకుని ఎలా కూర్చోను?

"నువ్వు కనపడకపోతే నేను వెతుకుతాను. దట్స్ వర్స్," అంది ఇషా. "ముందు వరసలో కూర్చో."

"చెయ్యి?"

అది పక్క గదిలో స్టీలు గిన్నెలో రవ్వ పోసి నీళ్ళు కలిపింది. ముద్ద తీసి ఎడమ వైపు పెట్టి, తట్టి చూసుకుంది. కొంచెం తీసేసింది, మళ్ళీ తట్టింది. తృప్తి పడ్డాక, మిగిలిన గిన్నె నా చేతుల్లో పెట్టింది.

"ఇది రెండు చేతులతో పట్టుకో. కింద పెట్టకు. హాల్లో హీటర్ ఉంది, ముద్ద ఎండిపోతే మధ్యలో అడుగుతాను."

అంత చిన్న గిన్నెకి రెండు చేతులెందుకో ఇద్దరికీ తెలుసు.

నా పక్కన మా ఆయన. ఆయన వేసే తాళం ఏ పాటకీ చెందదు, అయినా హాయిగా వేసుకుంటారు. వెనక వరసలో కౌశిక్, చెవికి పోగు ఉన్న పొడుగాటి కుర్రాడు, ఒళ్ళో ఆకుపచ్చ కవర్‌లో మృదంగం. నన్ను చూసి మర్యాదగా, "నమస్తే ఆంటీ" అన్నాడు. పాపం అతని తప్పేముంది. నాకు మాత్రం ఆ కవర్ జిప్పు వైపే చూపు.

మొదటి పాట. రెండోది. ఇషా ఒకసారి కళ్ళెత్తింది, నా చేతులు వెతుక్కుంటూ వచ్చి గిన్నె దగ్గర ఆగింది. అక్కడ తాళం లేదు. కళ్ళు దించుకుంది. నా వేళ్ళు గిన్నె అడుగున కదలబోయాయి. గట్టిగా పట్టుకున్నాను. చుట్టూ అందరి చేతులూ లేస్తున్నాయి, పడుతున్నాయి. నావి లేవు.

మూడో పాట అయింది. చప్పట్లు. లక్ష్మీప్రియ నీళ్ళు తాగింది. తర్వాతది పెద్ద కీర్తన. ఆవిడ గ్లాసు కింద పెట్టి, ఇషా వైపు చూసింది, హాల్లోకి చూసింది. నా వెనక జిప్పు చప్పుడైంది.

అయిపోయింది అనుకున్నాను. మొదట్లోనే చెప్పాను కదా, నేను అలాగే అనుకుంటాను. కాని అప్పుడు నిజంగానే అయిపోయిందనుకున్నాను. పిల్ల లేచి మెట్లు దిగడం, ఇంటికెళ్ళి మృదంగం బీరువాలో పెట్టేయడం, అంతా కళ్ళ ముందు కనపడింది.

ఇషా లక్ష్మీప్రియ వైపు చూడనేలేదు. ఎడమ వైపు వేళ్ళతో తట్టి, మొహం చిట్లించింది. ముద్ద ఎండింది. తలెత్తకుండా వేదిక అంచు మీంచి నా వైపు చెయ్యి చాపింది. నేను లేచి గిన్నె అందించాను. అది వేళ్ళతో కొంచెం రవ్వ తీసి, ముద్ద మీద అద్ది, అరచేత్తో తిప్పి, తట్టింది. గుమ్మని పలికింది. అంత నిదానంగా ఎలా చేసిందో, హాలంతా చూస్తుండగా, వెనక కౌశిక్ లేవడానికి సిద్ధంగా ఉండగా. గిన్నె తిరిగి నా చేతిలో పెట్టి, అప్పుడు లక్ష్మీప్రియ వైపు తిరిగింది.

"రెడీ, అక్కా."

లక్ష్మీప్రియ ఒక్క క్షణం దాని మొహం చూసింది. తర్వాత తొడ మీద చెయ్యి వేసి పాట ఎత్తుకుంది. వెనక జిప్పు ఎప్పుడు మూసుకుందో నేను వినలేదు.

చివర్లో పాట ఆగి, మృదంగం ఒక్కటే వాయించే తని భాగం వచ్చింది. ఇషా చూపు లక్ష్మీప్రియ చేతి మీద. పెద్ద తీర్మానం మొదలైంది. మొదటి ముక్క. రెండోది. నా కాలి బొటనవేలు మేజోడులో తాళం వేస్తోంది, దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియలేదు. మూడో ముక్కలో ఇషా తల తిప్పి నన్ను చూసింది.

నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. ఊహించగలను.

దాని చెయ్యి తొందరపడింది. నేను విన్నాను, లక్ష్మీప్రియ విన్నది, ఆవిడ కనుబొమ లేచింది. ఇషా చూపు తిప్పేసుకుంది. ఎక్కడ చూసిందో, గోడ వైపో, ఎక్కడా కాదో. ఆ మధ్యలో ఒక ఖాళీ వచ్చింది. నా లెక్కలో సమం వచ్చేసింది, దాటిపోయింది, పిల్ల పడిపోయింది. చేతులు చాపాలనిపించింది, చేతుల్లో గిన్నె ఉంది. అప్పుడు లక్ష్మీప్రియ చెయ్యి దిగింది. ఇషా దెబ్బ దానితో పాటే దిగింది.

హాలంతా చప్పట్లు కొట్టింది. మా ఆయన నన్ను మోచేత్తో పొడుస్తూ నవ్వుతున్నారు. నేను కొట్టలేకపోయాను.

తర్వాత పక్క గదిలో ఇషా ఎడమ వైపు రవ్వ గీకుతోంది. కౌశిక్ వచ్చి, "నైస్ తని," అని వెళ్ళాడు. లక్ష్మీప్రియ దాని తల నిమిరి, "మే నెలలో మిల్వాకీలో ఉంది, ఖాళీ ఉంటావా?" అని అడిగింది. అందరూ వెళ్ళాక అది నాతో అంది, "నిన్ను చూసినప్పుడు ఆల్మోస్ట్ పోయింది అమ్మా."

"తెలుసు."

"నీ ఫేస్ కూడా తాళం వేస్తుంది."

నవ్విందో నిజంగానే అందో తెలియలేదు. గిన్నెలో మిగిలిన రవ్వ గట్టిపడిపోయింది, అంచున నా రెండు బొటనవేళ్ళ గుర్తులు. కుళాయి కింద పెట్టి కడిగాను. "వచ్చే శనివారం పాఠానికి నేను ఎక్కడ ఉండను?" అని అడిగాను.

"కిచెన్‌లో ఉండు. డోర్ తెరిచి పెడతాను."

ఇప్పుడు అలాగే జరుగుతోంది. మాస్టారు అక్కడ కళ్ళు మూసుకుని వింటారు, ఇక్కడ తాళం ఎవరూ వెయ్యరు. వచ్చే నెల మిల్వాకీ, రెండు గంటల డ్రైవ్, ఆ హైవే మీద పెద్ద పెద్ద ట్రక్కులు పోతుంటాయి. ఈ పొద్దున నేను దోసెల పిండి కలుపుతూ ఆ సంగతి ఆలోచిస్తుంటే లోపల తీర్మానం మొదలైంది. నా చెయ్యి ఎప్పటిలాగే ముందుగా వెళ్ళి సమం దగ్గర నిలబడింది. గరిటె పట్టుకుని, ఇషా దెబ్బ వచ్చేదాకా అక్కడే ఆగాను.